రియాక్ట్ 19కి మారాక పాత డ్రాగ్ లైబ్రరీ పనిచేయడం లేదు: ఏలియాస్ ఎక్కడ పెట్టాలి?

తాటిముంజ | సోమవారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా ఒకేచోట ఇరుక్కుపోయాను, కొంచెం సాయం చేయండి.

మాది వీట్ (కోడ్‌ను కట్టగట్టి బ్రౌజర్‌కు అందించే బండ్లర్) మీద నడిచే టాస్క్ బోర్డు. కార్డులను ఒక వరుస నుంచి ఇంకో వరుసకు లాగి పెట్టుకుంటారు. పోయిన వారం, స్క్రీన్ భాగాలు కట్టే రియాక్ట్ లైబ్రరీని వెర్షన్ 17 నుంచి 19కి మార్చాం. మా సొంత కోడ్‌లో పెద్దగా ఇబ్బంది రాలేదు. కానీ వరుసలు, కార్డులు చూపించడానికి మూడేళ్ల కిందట డబ్బు కట్టి కొన్న ఒక కాంపోనెంట్ ప్యాకేజీ ఉంది. అది లోపల రియాక్ట్-బ్యూటిఫుల్-డీఎన్‌డీ అనే పాత డ్రాగ్ లైబ్రరీని ఇంపోర్ట్ చేసుకుంటుంది. ఆ ప్యాకేజీకి కొత్త వెర్షన్లు రావడం ఆగిపోయింది. మెయిల్ పెడితే జవాబు లేదు.

ఇప్పుడు ఎన్‌పీఎం (ప్యాకేజీలు దించే టూల్) ఇన్‌స్టాల్ కొడితే పీర్ డిపెండెన్సీ గొడవ, అంటే పాత ప్యాకేజీలు పాత రియాక్టే కావాలంటున్నాయి. ఆ తనిఖీని వదిలేసే లెగసీ పీర్ డెప్స్ ఫ్లాగ్ పెట్టి దాటించాను. తీరా బ్రౌజర్‌లో చూస్తే కార్డులు కదలవు. ప్యాకేజీలు దిగే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ ప్యాకేజీ ఫైల్లో ఇంపోర్ట్ లైను చేత్తో మార్చి చూశాను. ఏమీ మారలేదు.

ఆ పాత డ్రాగ్ లైబ్రరీ కోడ్‌ను తీసుకుని వేరేవాళ్లు కొనసాగిస్తున్న హలో-పాంగియా డీఎన్‌డీ అనే ఫోర్క్ ఉందని, ఏపీఐ (పిలిచే పేర్లు, పద్ధతి) అదేనని చదివాను. పాత పేరుతో ఎవరు అడిగినా కొత్తది ఇచ్చేలా ఏలియాస్ పెడితే సరిపోతుందా? వచ్చే సోమవారం రిలీజ్. టెన్షన్‌గా ఉంది.


రాత్రిబండి | సోమవారం, రాత్రి 11:08

చేత్తో మార్చింది ఎందుకు కనపడలేదో చెప్తాను. వీట్ మన డిపెండెన్సీలను ముందే ఒకసారి కట్టగట్టి, నోడ్ మాడ్యూల్స్ లోపలే చుక్క-వీట్ అనే ఫోల్డర్‌లో దాచుకుంటుంది. లాక్ ఫైలో (ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ దిగిందో రాసి ఉండే ఫైలు), కాన్ఫిగో మారితే మళ్లీ కడుతుంది. ప్యాకేజీ లోపలి ఫైలును మీరు దిద్దిన సంగతి దానికి తెలియదు. డెవ్ సర్వర్‌ను ఫోర్స్ ఫ్లాగ్‌తో లేపితే మళ్లీ కడుతుంది. అయినా ఆ దారి వద్దు, రేపు ఇంకొకరు ఇన్‌స్టాల్ కొడితే మీ మార్పు పోతుంది.

ఇప్పటికి స్ట్రిక్ట్ మోడ్ (తప్పులు పట్టడానికి రియాక్ట్ చేసే అదనపు తనిఖీ) తీసేసి చూడండి. రియాక్ట్ 18కి మారినప్పుడు మాకు అలాగే కుదిరింది.


నల్లమల | సోమవారం, రాత్రి 11:41

రాత్రిబండి గారు, 18కి అది కుదిరింది, 19కి కుదరదు. రెండు జబ్బులూ వేరు.

18లో స్ట్రిక్ట్ మోడ్ డెవలప్‌మెంట్‌లో ప్రతి కాంపోనెంట్‌నూ ఒకసారి ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించేది. ఆ పాత లైబ్రరీ దాన్ని తట్టుకోలేక డ్రాగబుల్ (లాగే కార్డు) దొరకలేదని ఎర్రర్ ఇచ్చేది. ప్రొడక్షన్‌లో ఆ డబుల్ ఎక్కింపు ఉండదు కాబట్టి అక్కడ నడిచిపోయేది. 2024 డిసెంబర్‌లో వచ్చిన 19లో ఫంక్షన్ కాంపోనెంట్లకు డీఫాల్ట్‌ప్రాప్స్‌నే తీసేశారు. పాత లైబ్రరీలోని డ్రాపబుల్ (కార్డు దింపే చోటు) తన డీఫాల్ట్ విలువల కోసం దాని మీదే ఆధారపడింది. ఇది ప్రొడక్షన్‌లోనూ విరుగుతుంది. ఆ లైబ్రరీని ఆర్కైవ్ చేసేశారు కాబట్టి అక్కడి నుంచి దిద్దుబాటు కోసం ఎదురుచూడటం వృథా.

తాటిముంజ గారు, మీ ఆలోచన సరైనదే. హలో-పాంగియా దాని ఫోర్కే. డ్రాగ్‌డ్రాప్ కాంటెక్స్ట్, డ్రాపబుల్, డ్రాగబుల్ పేర్లు అవే. కానీ ఏలియాస్ ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న, చాలామంది అక్కడే తప్పుతారు.

ఒక పేరును ఫైలుగా మార్చే పని మన ప్రాజెక్టులో ఒక్కరే చేయరు. వీట్ ఒకరకంగా వెతుకుతుంది. టెస్టులు నడిపే జెస్ట్ తన పద్ధతిలో వెతుకుతుంది. టైప్‌స్క్రిప్ట్ టైపుల కోసం వేరుగా వెతుకుతుంది. సర్వర్ రెండరింగ్ (పేజీని సర్వర్‌లోనే తయారుచేయడం) ఉంటే, అక్కడ జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ తనకు తానే వెతుకుతుంది. కోడ్‌లో తప్పులు వెతికే ఈఎస్‌లింట్‌ది ఇంకో లెక్క. వీట్ కాన్ఫిగ్‌లో మీరు రాసిన ఏలియాస్ వీట్‌కు మాత్రమే తెలుసు. మిగతావాళ్లు పాత ఇంటికే వెళ్లి తలుపు కొడతారు.

టైప్‌స్క్రిప్ట్ పాత్స్ (దాని కాన్ఫిగ్‌లో రాసే ఏలియాస్) విషయంలో కూడా జాగ్రత్త. అది టైప్ చెకింగ్‌కే. బయటకు వచ్చే జావాస్క్రిప్ట్‌లో ఇంపోర్ట్ పేరు అలాగే ఉంటుంది. ఎడిటర్‌లో ఎర్ర గీత పోయింది కదా అని పని అయిపోయిందనుకుని రిలీజ్ చేసినవాళ్లను నేను చూశాను.


పాలపిట్ట | మంగళవారం, ఉదయం 7:15

నేను ఈ రంగంలోకి వచ్చి ఏడాదే అయింది. వీట్ లాంటి ఇంకో బండ్లర్ వెబ్‌ప్యాక్‌లో కూడా ఇదే కదా అండి, రిజాల్వ్ కింద ఏలియాస్? మా ప్రాజెక్టులో రియాక్ట్ బదులు దానిలాగే పనిచేసే చిన్న లైబ్రరీ ప్రీయాక్ట్ పెట్టాలనుకుంటున్నారు. పేరుకు చివర డాలర్ గుర్తు కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు. తేడా ఏంటో చెప్తారా?


నల్లమల | మంగళవారం, ఉదయం 8:02

పాలపిట్ట గారు, డాలర్ ఉంటే సరిగ్గా ఆ పేరే. లేకపోతే ఆ పేరు, దాని వెనక స్లాష్‌తో వచ్చే లోపలి దారులన్నీ. రియాక్ట్-డామ్‌ను ప్రీయాక్ట్ స్లాష్ కంపాట్‌కు తిప్పారనుకోండి. డాలర్ లేకపోతే రియాక్ట్-డామ్ స్లాష్ టెస్ట్-యుటిల్స్ కూడా అటే పోతుంది. అందుకే టెస్ట్-యుటిల్స్‌కు వేరే లైను రాసి, దాన్ని రియాక్ట్-డామ్ లైనుకు పైన పెట్టాలి. వరుస మారితే పని చెడుతుంది.

రియాక్ట్ నేటివ్ కోడ్‌ను వెబ్‌లో నడిపేవాళ్లు రియాక్ట్-నేటివ్‌ను రియాక్ట్-నేటివ్-వెబ్‌కు తిప్పుకునేదీ ఈ డాలర్‌తోనే. అసలు ఆ మాడ్యూలే అక్కర్లేదనుకుంటే వెబ్‌ప్యాక్ 5లో పేరు ఎదురుగా ఫాల్స్ అని రాయొచ్చు, ఖాళీ మాడ్యూల్ ఇస్తుంది.


తాటిముంజ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

వీట్‌లో ఏలియాస్ పెట్టాను. కార్డులు కదిలాయి! నల్లమల గారికి, రాత్రిబండి గారికి చాలా థ్యాంక్స్. మా సొంత ఫైళ్లలో ఉన్న ఇంపోర్ట్‌లను కూడా నేరుగా హలో-పాంగియా పేరుకు మార్చేశాను.

కానీ జెస్ట్‌లో 31 టెస్టులు పడిపోయాయి, ఇంకా పాతదాన్నే లోడ్ చేస్తోంది. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ గొడవ అలాగే ఉంది. సెక్యూరిటీ ఆడిట్ చూసే మా సహోద్యోగి పాత ప్యాకేజీ ఇంకా లాక్ ఫైల్లో ఎందుకుందని అడిగారు.


మిరపచేను | మంగళవారం, మధ్యాహ్నం 2:05

జెస్ట్‌కు మాడ్యూల్‌నేమ్‌మ్యాపర్ ఉంది. అక్కడ రాసేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. మొదట కారెట్, చివర డాలర్ మర్చిపోకండి. ఉత్త పేరు రాస్తే ఆ అక్షరాలు ఎక్కడ కనపడినా పట్టుకుంటుంది. ఒకసారి నేను ఉత్త రియాక్ట్ అని రాసి, రియాక్ట్-రౌటర్ దగ్గర నుంచి అన్నీ తప్పుడు ఫైలుకు పోతుంటే మధ్యాహ్నమంతా వెతికాను.

కానీ మీ మూడు ప్రశ్నలూ కలిపి చూస్తే, మీకు కావాల్సింది బండ్లర్ ఏలియాస్ కాదు. పేరు మార్చాల్సింది ఇన్‌స్టాల్ దగ్గరే. బండ్లర్‌లో ఏలియాస్ పెట్టినంత మాత్రాన పాత ప్యాకేజీ డిస్కు మీద నుంచి పోదు. లాక్ ఫైల్లో ఉంటుంది, ఆడిట్‌లో కనపడుతుంది, పీర్ గొడవ పెడుతుంది.

ఎన్‌పీఎం 8.3 నుంచి ప్యాకేజ్ జేసన్‌లో (ప్రాజెక్టుకు కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ఫైలు) ఓవర్‌రైడ్స్ అనే భాగం ఉంది. అందులో రియాక్ట్-బ్యూటిఫుల్-డీఎన్‌డీ పేరుకు ఎదురుగా ఎన్‌పీఎం అని, కోలన్ పెట్టి, హలో-పాంగియా పేరు, వెర్షన్ రాయండి. అప్పుడు నోడ్ మాడ్యూల్స్‌లో పాత పేరుతోనే ఫోల్డర్ ఉంటుంది, లోపల కోడ్ మాత్రం ఫోర్క్‌ది. వీట్ అయినా, జెస్ట్ అయినా, నోడ్ అయినా మామూలుగా వెతుక్కుంటూ పోయి దాన్నే అందుకుంటాయి. ఎవరికీ విడిగా చెప్పే పని లేదు.

ఎన్‌పీఎం బదులు వాడే యార్న్‌లో దీన్నే రిజల్యూషన్స్ అంటారు. అలాంటిదే ఇంకోటి పీఎన్‌పీఎం, అందులోనూ ఓవర్‌రైడ్స్ ఉన్నాయి. ఒక్క మాట: ఎన్‌పీఎంలో ఓవర్‌రైడ్స్ ప్రాజెక్టు మూలంలో ఉన్న ప్యాకేజ్ జేసన్‌లో రాస్తేనే పనిచేస్తాయి. మోనోరెపోలో (చాలా ప్యాకేజీలు ఒకేచోట ఉండే ప్రాజెక్టు) లోపలి ఫోల్డర్‌లో రాసి ఎందుకు పనిచేయడం లేదని తల పట్టుకోకండి.

ఇక మీరు కొన్న ప్యాకేజీ రియాక్ట్ 17 కావాలని పట్టుబడితే, అదే ఓవర్‌రైడ్స్‌లో ఆ ప్యాకేజీ పేరు కింద రియాక్ట్‌కు ఎదురుగా డాలర్-రియాక్ట్ అని రాయండి. మన ప్రాజెక్టు ఏ రియాక్ట్ వాడుతుందో దానికీ అదే అని అర్థం. రియాక్ట్-డామ్‌కు కూడా అలాగే. ఆ లెగసీ ఫ్లాగ్ అప్పుడు అక్కర్లేదు.


కృష్ణలంక | మంగళవారం, రాత్రి 9:20

అందరూ ఎక్కడ పెట్టాలో చెప్తున్నారు. అసలు పెట్టొచ్చా లేదా అన్నది ముందు చూసుకోండి. నాకు జరిగింది చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మేం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. తేదీల లెక్కలు చూసే మూమెంట్ లైబ్రరీ బరువు ఎక్కువగా ఉందని, 2020 సెప్టెంబర్ నుంచి అది మెయింటెనెన్స్‌లోనే ఉందని, దాన్ని తీసేయాలనుకున్నాం. తేదీలకే వాడే చిన్న లైబ్రరీ డేజేఎస్ ఏపీఐ అచ్చం అలాగే ఉంటుంది కదా. వందల ఫైళ్లు ముట్టుకోవడం ఎందుకని వెబ్‌ప్యాక్‌లో ఒకే ఒక్క లైను: మూమెంట్ అడిగితే డేజేఎస్ ఇవ్వు. బిల్డ్ పచ్చగా వచ్చింది. సైజు తగ్గింది. సంతోషంగా రిలీజ్ చేశాం.

నాలుగో రోజు క్లయింట్ ఫోన్. కొన్ని బిల్లుల్లో కట్టాల్సిన గడువు తేదీ, బిల్లు తేదీ ఒకటే వస్తున్నాయి. వాళ్ల దగ్గర సరుకు తీసుకున్న చిన్న షాపులవాళ్లకు ఈ రోజే గడువు అని మెసేజ్‌లు వెళ్లాయి.

కారణం ఇది. మూమెంట్‌లో యాడ్ అని పిలిస్తే ఆ తేదీ తనే మారిపోతుంది. డేజేఎస్‌లో పాతది అలాగే ఉండి, కొత్త తేదీ చేతికి వస్తుంది, దాన్ని మనం పట్టుకోవాలి. మా పాత కోడ్‌లో గడువు.యాడ్(15, డేస్) అని పిలిచి వదిలేసిన చోట్లు ఉన్నాయి. మూమెంట్‌లో అది సరైన కోడే. ఏలియాస్ తర్వాత ఆ లైను ఏమీ చేయని లైను అయిపోయింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

ఇంకోటి దానికంటే ఘోరం. మన తేదీలు రోజు-నెల-సంవత్సరం కదా. 05-03-2024 అని ఇచ్చి, రెండో ఆర్గ్యుమెంట్‌గా ఫార్మాట్ చెప్తాం. డేజేఎస్‌లో కస్టమ్ పార్స్ ఫార్మాట్ ప్లగిన్ వేయకపోతే ఆ ఫార్మాట్‌ను అసలు పట్టించుకోదు. తేదీ నేరుగా బ్రౌజర్ చేతికి పోతుంది, క్రోమ్ దాన్ని మే 3 అనుకుంటుంది. మార్చి 5 మే 3 అయింది. అదే 15-03-2024 అయితే 15వ నెల ఉండదు కాబట్టి ఇన్‌వ్యాలిడ్ డేట్. అంటే 13వ తేదీ నుంచి తప్పు కంటికి కనపడుతుంది, 12 లోపు అయితే నిశ్శబ్దంగా నెల, రోజు తారుమారవుతాయి. మేం టెస్ట్ చేసింది నెల మొదటి వారంలో.

ఆ షాపులవాళ్లకు క్షమాపణ చెప్తూ మళ్లీ మెసేజ్‌లు పంపించాం. ఆ రోజు నుంచి ఏలియాస్ అనగానే నేను మొదట అడిగేది ఒకటే: పేర్లు కలిశాయి సరే, నడత కలిసిందా?


రాత్రిబండి | మంగళవారం, రాత్రి 9:48

ఇది నాకు తెలియదు అండి. మా దగ్గర కూడా డేజేఎస్ ఏలియాస్ ఉంది. రేపు పొద్దున్నే ఫలితాన్ని పట్టుకోకుండా వదిలేసిన యాడ్, సబ్‌ట్రాక్ట్ పిలుపులన్నీ వెతికిస్తాను.


కృష్ణలంక | మంగళవారం, రాత్రి 9:55

సెట్, స్టార్ట్‌ఆఫ్, ఎండ్‌ఆఫ్ కూడా వెతకండి. మాకు నెలాఖరు రిపోర్టులో ఎండ్‌ఆఫ్ దొరికింది.


తాటిముంజ | బుధవారం, సాయంత్రం 6:10

మిరపచేను గారు చెప్పినట్టు ఓవర్‌రైడ్స్ పెట్టి, వీట్ ఏలియాస్ తీసేశాను. ఇన్‌స్టాల్ ఏ ఫ్లాగూ లేకుండా శుభ్రంగా అయింది. ఎన్‌పీఎం ఎల్ఎస్ కొడితే పాత పేరు పక్కన హలో-పాంగియా అని, ఓవర్‌రిడెన్ అని చూపిస్తోంది.

కానీ ఇప్పుడు బోర్డు తెరవగానే కాంటెక్స్ట్ దొరకలేదని ఎర్రర్. నిన్న వీట్ ఏలియాస్‌తో బాగా నడిచింది! మా పేజీలో డ్రాగ్‌డ్రాప్ కాంటెక్స్ట్ ఉంది, దాని లోపలే ఆ ప్యాకేజీ వరుసలు ఉన్నాయి. ఏమీ అర్థం కావడం లేదు.


నల్లమల | బుధవారం, రాత్రి 8:30

మీ దగ్గర ఇప్పుడు ఒకే కోడ్ రెండు ఫోల్డర్లలో ఉంది. మీ సొంత ఫైళ్లు హలో-పాంగియా అనే పేరుతో అడుగుతున్నాయి, ఆ పేరుతో ఒక ఫోల్డర్. కొన్న ప్యాకేజీ పాత పేరుతో అడుగుతోంది, ఓవర్‌రైడ్ వల్ల ఆ పేరుతో ఇంకో ఫోల్డర్. రెండింట్లోనూ అక్షరం తేడా లేకపోయినా జావాస్క్రిప్ట్ దృష్టిలో అవి రెండు మాడ్యూళ్లు. రియాక్ట్ కాంటెక్స్ట్ అంటే ఆ మాడ్యూల్ లోడ్ అయినప్పుడు పుట్టిన ఒక ఆబ్జెక్ట్. మీ పేజీ ఒకదాన్ని ఇస్తోంది, లోపలి వరుసలు ఇంకోదాన్ని అడుగుతున్నాయి. కవల పిల్లల్లో ఒకరి కోసం వచ్చి ఇంకొకరిని తీసుకెళ్లలేం కదా, అలాగే.

నిన్న వీట్ ఏలియాస్ రెండు పేర్లనూ ఒకే ఫోల్డర్‌కు తిప్పింది కాబట్టి నడిచింది. వీట్‌లోని డీడూప్ ఇక్కడ ఉపయోగపడదు. అది ఒకే పేరు ఉన్న కాపీలనే కలుపుతుంది, ఇక్కడ పేర్లే వేరు.

పరిష్కారం తేలికే. ప్రాజెక్టు మొత్తం ఒకే పేరుతో అడగాలి. ప్యాకేజ్ జేసన్ డిపెండెన్సీల్లో నుంచి హలో-పాంగియా అనే పేరు తీసేయండి. పాత పేరుకు ఎదురుగా ఎన్‌పీఎం-కోలన్ రూపంలో ఫోర్క్ రాయండి. ఓవర్‌రైడ్స్‌లోనూ అక్షరం తేడా లేకుండా అదే రాయండి, తేడా ఉంటే ఎన్‌పీఎం ఒప్పుకోదు. మీ ఫైళ్లలో ఇంపోర్ట్‌లు మళ్లీ పాత పేరుకు మార్చండి.

ఇక్కడే నాకు ఒక అసంతృప్తి ఉంది. రేపు కొత్తగా చేరినవాళ్లు ఆ ఇంపోర్ట్ చూసి పాత లైబ్రరీ డాక్యుమెంటేషన్ తెరుస్తారు. నడుస్తున్నది వేరే కోడ్ అని వాళ్లకెలా తెలుస్తుంది? అందుకే మీ ప్రాజెక్టులో డ్రాగ్ అనే చిన్న ఫైలు ఒకటి పెట్టి, ఇంపోర్ట్ అందులో మాత్రమే ఉంచి, అక్కడి నుంచి మిగతా ఫైళ్లు తీసుకునేలా చేయండి. ఎందుకిలా చేశామో ఆ ఫైల్లోనే నాలుగు లైన్లు కామెంట్ రాయండి. ప్యాకేజ్ జేసన్‌లో కామెంట్ రాసే వీలు లేదు కాబట్టి ఆ కారణానికి వేరే చోటు లేదు.

పాత పేరుతో ఉన్న టైపుల ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయి ఉంటే అది కూడా తీసేయండి. ఫోర్క్ తన టైపులు తనే తెచ్చుకుంటుంది.


చెరువుగట్టు | బుధవారం, రాత్రి 9:14

పీఎన్‌పీఎం వాడేవాళ్లకు ఈ కవలల సమస్య మామూలుగా రాదు. అక్కడ మారుపేరు ఫోల్డర్ కూడా అసలు చోటుకు వేసిన లింకే, పీర్ డిపెండెన్సీలు ఒకటే అయితే రెండు పేర్లూ ఒకే ఫైలు దగ్గర తేలతాయి.

సర్వర్ రెండరింగ్ గురించి నల్లమల గారు పైన ఒక మాట అన్నారు. వీట్ సర్వర్ వైపు నోడ్ మాడ్యూల్స్‌లోని ప్యాకేజీలను ముట్టుకోకుండా నోడ్‌కే వదిలేస్తుంది. నోడ్‌కు వీట్ ఏలియాస్‌లు తెలియవు. బ్రౌజర్‌లో కొత్త కోడ్, సర్వర్‌లో పాత కోడ్ నడిచి, హైడ్రేషన్ (సర్వర్ పంపిన పేజీని బ్రౌజర్‌లో రియాక్ట్ అందుకోవడం) దగ్గర తేడాలు వస్తాయి. అలాంటి చోట ఇన్‌స్టాల్ దగ్గరే పేరు మార్చమని వీట్ డాక్యుమెంటేషన్ కూడా చెప్తుంది.


తాటిముంజ | గురువారం, మధ్యాహ్నం 12:40

బోర్డు నడుస్తోంది, 31 జెస్ట్ టెస్టులూ పాసయ్యాయి. జెస్ట్‌లో మ్యాపర్ రాయాల్సిన పనే పడలేదు.

ఇంకో రెండు మిగిలాయి. బ్రౌజర్‌లో పేజీని నడిపి చూసే సైప్రెస్ టెస్టులకు కార్డులు దొరకడం లేదు. కార్డు మీదకు మౌస్ తెస్తే ఇదివరకు చేతి గుర్తు పక్కన ఒక నీలం గీత వచ్చేది, ఇప్పుడు రావడం లేదు.


మిరపచేను | గురువారం, మధ్యాహ్నం 1:15

రెండింటికీ కారణం ఒకటే అయి ఉండాలి. పాత లైబ్రరీ హెచ్‌టీఎంఎల్‌లో పెట్టే గుర్తులు డేటా-ఆర్‌బీడీతో మొదలవుతాయి. ఫోర్క్‌లో వాటిని డేటా-ఆర్‌ఎఫ్‌డీగా మార్చారు. మీ సైప్రెస్ సెలెక్టర్లు, సీఎస్ఎస్‌లో ఎక్కడైనా ఆర్‌బీడీ ఉందేమో వెతకండి. ఏపీఐ ఒకటే అన్నప్పుడు మనం ఫంక్షన్ల పేర్లే చూస్తాం. పేజీలో పడే గుర్తులు కూడా ఏపీఐలో భాగమే.

సెలెక్టర్లను ఆర్‌ఎఫ్‌డీకి మార్చడం కంటే మీ సొంత టెస్ట్-ఐడీలు పెట్టుకోండి. రేపు ఈ ఫోర్క్ కూడా మారిస్తే మళ్లీ ఇదే పని.

టెస్టు రాసేటప్పుడు మౌస్ లాగుడును అనుకరించడం కంటే కీబోర్డ్ దారి నమ్మకంగా ఉంటుంది. కార్డు మీద ఫోకస్ పెట్టి స్పేస్ నొక్కితే లేస్తుంది, బాణం కీలతో జరుగుతుంది, మళ్లీ స్పేస్ నొక్కితే దిగుతుంది. మౌస్ పట్టుకోలేనివాళ్లు మీ బోర్డును వాడేది ఆ దారిలోనే. ఏలియాస్ మార్చినప్పుడు అది విరిగితే మనకు చెప్పేవాళ్లు ఉండరు, వాళ్లు ఊరికే వాడటం మానేస్తారు. దయచేసి ఆ టెస్టు ఒకటి తప్పకుండా పెట్టండి.


పాలపిట్ట | గురువారం, సాయంత్రం 5:50

ఒక ప్రశ్న అండి. ఇంత చేసేబదులు ఆ కొన్న ప్యాకేజీనే తీసేసి వరుసలు, కార్డులు సొంతంగా రాసుకుంటే?


కృష్ణలంక | గురువారం, రాత్రి 8:05

చివరికి అదే చేయాలి, నా అభిప్రాయం కూడా అదే. దిక్కులేని ప్యాకేజీ కింద ఒక్కదాన్ని మార్చాం. రియాక్ట్ తర్వాతి వెర్షన్‌లో అదే ప్యాకేజీ ఇంకోచోట విరగొచ్చు, దానికి ఏలియాస్ కూడా దొరకదు. కానీ సోమవారం రిలీజ్ పెట్టుకుని ఈ వారం అది మొదలుపెట్టమని మాత్రం నేను చెప్పను.


తాటిముంజ | శుక్రవారం, రాత్రి 11:25

ఆర్‌బీడీ 14 చోట్ల దొరికింది. పదకొండు సైప్రెస్‌లో, మూడు సీఎస్ఎస్‌లో. సైప్రెస్‌లో సొంత టెస్ట్-ఐడీలు పెట్టాను. సీఎస్ఎస్ మూడింటిలో రెండు మావే. ఒకటి కొన్న ప్యాకేజీ స్టైల్ ఫైల్లో ఉంది, దాని మీద మా స్టైల్ రాసి నీలం గీత తెచ్చాను.

కీబోర్డ్ టెస్టు రాశాను. మొదటిసారే ఫెయిలైంది. బాణం కీ నొక్కితే కార్డు కదలకుండా పేజీ కిందికి జరిగిపోయింది. చూస్తే తప్పు ఫోర్క్‌ది కాదు, ఏలియాస్‌ది కాదు. పట్టుకుని లాగే చోటు ఏదో చెప్పే డ్రాగ్ హ్యాండిల్ ప్రాప్స్‌ను కార్డు మీద కాకుండా లోపల ఒక ఐకాన్ మీద మేమే పెట్టాం, ఫోకస్ కార్డు మీదకు వెళ్తోంది. అంటే ఇన్నేళ్లుగా మా బోర్డు కీబోర్డ్‌తో సరిగ్గా పనిచేయలేదు. సరిచేశాను, టెస్టు పాసైంది.

డ్రాగ్ ఫైల్లో కామెంట్ రాశాను: ఏ పేరు వెనక ఏ కోడ్ ఉంది, ఎందుకు పెట్టాం, కొన్న ప్యాకేజీ పోయిన రోజు ప్యాకేజ్ జేసన్‌లో ఏ రెండు లైన్లు తీసేయాలి. ఆ ప్యాకేజీని తీసేసే పనికి టికెట్ కూడా తెరిచాను, నా పేరు మీదే.

రాత్రిబండి గారు, మీ డేజేఎస్ సంగతి ఏమైంది?


రాత్రిబండి | శనివారం, ఉదయం 6:40

తొమ్మిది చోట్ల వదిలేసిన యాడ్‌లు, రెండు చోట్ల ఎండ్‌ఆఫ్. ఒకటి జీతాల స్లిప్పులో. నిన్న రాత్రే దిద్ది పంపించాం. కృష్ణలంక గారు, మీరు ఆ రోజు అది రాయకపోతే మాకు ఈ నెలాఖరుకు తెలిసేది.